అందరూ చూసిన గొట్టం

ఆ సాయంత్రం యూనివర్సిటీ సభామందిరంలో ఏం పోయిందో అక్కడున్న అంతమందిలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ నోరు మెదపలేదు. మనిషే పోయి రెండు వారాలు దాటింది, ఇంక పోవడానికి ఏం మిగిలిందన్నట్టు తక్కినవాళ్ళందరూ కుర్చీల్లో ఒదిగి కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు.

పోయిన అమ్మాయి అక్కడే పరిశోధన చేసేది. ఆసుపత్రుల్లో వాడే పరికరాల మీద ఆమె పని. ఒక ఉదయం లాబ్‌కి వెళ్తూ రోడ్డు దాటుతుంటే పాలవ్యాను గుద్దింది. ఇంట్లో అమ్మ, అక్క మిగిలారు. అక్క హైస్కూల్లో సైన్సు టీచరు. సంతాప సభలో అందరూ మాట్లాడాక, కుటుంబం తరఫున నాలుగు మాటలు చెప్పమని ఆ టీచరుని వేదిక మీదికి పిలిచారు.

టీచరు ఏం మాట్లాడాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చింది. మైకు ముందు నిలబడి "మా చెల్లెలు" అంది. అక్కడే ఆగిపోయింది. నీళ్ళు తాగి మళ్ళీ "మా చెల్లెలు" అంది. మళ్ళీ అక్కడే ఆగింది. నలుగురి ముందు ఏడవడం ఆమెకు చేతకాదు. తండ్రి పోయిన రోజున కూడా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చిన మనిషి. ఇక్కడ వేసుకోవడానికి తలుపు లేదు.

క్లాసులో మాట సాగనప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఆమెకు తెలుసు. చేతిలోకి ఏదో ఒకటి తీసుకోవాలి. బెలూనో, గాజు గ్లాసో, కొవ్వొత్తో. చేతులు పనిలో పడితే మాట దానంతటదే వస్తుంది. ఆమె పక్కకి చూసింది. ఫోటో పెట్టిన బల్ల మీద చెల్లెలి వస్తువులు కొన్ని పేర్చి ఉన్నాయి. తెల్లకోటు, కాఫీ కప్పు, వేలెడు పొడుగున్న రెండు గొట్టాలు, ఒకటి ఆసుపత్రుల్లో వాడే మామూలుది, రెండోది చెల్లెలు చేసింది. చెల్లెలికి గైడుగా ఉన్న ప్రొఫెసరే వాటిని లాబ్ నుంచి తెప్పించి పెట్టించాడు. ఆయన బల్లకి అవతల కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన వైపు చెయ్యి చాచి, ఆ గొట్టాలు ఒకసారి ఇస్తారా అని అడిగింది. ఆయన లేచాడు, ఒక క్షణం ఆగాడు, ఇచ్చాడు.

ఫోటో కింద పేరు అంటించిన జిగురు సీసా ఇంకా బల్ల మీదే ఉంది. టీచరు మామూలు గొట్టంలో కాస్త జిగురు పోసి ఊదింది. జిగురు గోడకి అతుక్కుని కదల్లేదు. గొంతులో రంధ్రం చేసి ఊపిరి కోసం పెట్టే గొట్టం ఇదని, కఫం ఇలాగే పట్టేస్తుందని, పట్టేస్తే మనిషికి ఊపిరాడదని చెప్పింది. ఇప్పుడు గొంతు స్పష్టంగా వచ్చింది. రెండో గొట్టంలో జిగురు పోసి ఊదింది. జిగురు మెలికలు తిరుగుతూ కొంచెం కొంచెంగా పైకి జరిగి బయటికొచ్చి ఆమె వేలి మీద పడింది.

"లోపల మరచుట్టులాగా సన్నటి మెట్లున్నాయి. మెట్టుకి ఒకవైపు ఏటవాలు, రెండోవైపు నిలువు. ఊపిరి వదిలితే కఫం ఏటవాలు మీంచి పైకి పాకుతుంది. పీల్చినప్పుడు వెనక్కి జారదు. ఎందుకు జారదో ఎవరైనా చెప్తారా?"

ముందువరసలో ఒక ముసలాయన మెట్టు అడ్డమొస్తుందని అన్నాడు. సరిగ్గా చెప్పారని టీచరు మెచ్చుకుంది. మందిరమంతా చిన్నగా నవ్వి, ఆ వెంటనే ఇంకా ఎక్కువగా ఏడ్చింది. ఆమె రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి, మెట్టు ఎత్తెంత, చుట్టుకీ చుట్టుకీ ఎడమెంత అన్నది కూడా చెప్పింది. చెల్లెలు ఇంట్లో వంటింటి సింకు దగ్గర మైదా జిగురుతో ఎన్నిసార్లు చేసి చూసిందో, ఆమె పక్కన టార్చి పట్టుకుని తను ఎన్నిసార్లు నిలబడిందో. ఆ కొలతలు నోటికొచ్చు.

సభ అయ్యాక అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, అది ఇన్నేళ్ళూ ఏం చేసిందో నాకు ఇవాళ అర్థమయిందే అంది. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకున్నారు. ప్రొఫెసరు మాత్రం రాలేదు. స్తంభం పక్కన నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. పాపం, ఆయనకీ బిడ్డలాంటిదేగా అనుకుంది టీచరు. మర్నాడు పొద్దున్నే యూనివర్సిటీ వాళ్ళు ఆ వీడియోని తమ వెబ్‌సైటులో పెట్టారు. సాయంత్రానికి అది ఎక్కడెక్కడికో పాకింది. స్కూల్లో స్టాఫ్‌రూములో ఆమె వెళ్ళేసరికి నలుగురు టీచర్లు ఫోను చుట్టూ మూగి చూస్తున్నారు.

కొన్నాళ్ళకి నిచ్చెన ఇంటికొచ్చాడు. చెల్లెలితో పాటు అదే లాబ్‌లో పనిచేసే కుర్రాడు. పొడుగు చూసి చెల్లెలే ఆ పేరు పెట్టింది, తర్వాత లాబంతా అదే పిలుపయింది. ఈ గొట్టం మీద ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టాలనుకున్నారు. పెట్టుబడి పెట్టేవాళ్ళు దొరికారు. కంపెనీకి పేరు దగ్గర మాత్రం పంతాలు తెగక రోజూ ఈ ఇంట్లోనే పోట్లాడుకునేవాళ్ళు.

గుమ్మం దగ్గర అతను తల వంచి లోపలికొస్తుంటే అమ్మ మంచం మీంచే, ఏరా అబ్బాయ్, పైన వానేమైనా వచ్చేట్టుందా అని అడిగింది. అది ఆవిడ ఎప్పుడూ అడిగే మాటే. ఎప్పుడూ చెప్పే జవాబు అతను చెప్పలేదు. కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. చివరికి, పేటెంటు దరఖాస్తు ఇంకా వెయ్యలేదక్కా అన్నాడు.

టీచరుకి అర్థం కాలేదు. వేస్తే పోయె కదా అంది. అతను నేల చూస్తూ చెప్పుకొచ్చాడు. అంతా సిద్ధమయ్యింది, ఒక బొమ్మలో చిన్న సవరణ ఉంటే చెల్లెలు ఆ వారంలో చేసి సంతకం పెడతానంది. ఇంతలో ఇలా అయ్యింది. ఆ ఫైలు తెరవడానికి ఎవరికీ చేతులు రాలేదు. సంతాప సభ కానివ్వండి, తర్వాత చూద్దామని ప్రొఫెసరన్నాడు. పేటెంటు రావాలంటే, దరఖాస్తు పడే రోజుకి ఆ సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు.

"మనం చూపించేశాం కదక్కా."

మనం అన్నాడు. ఆ మాట టీచరుకి సూటిగా తగిలింది. మీరు చూపించేశారు అని ఉంటే తట్టుకోవడం కాస్త తేలికయ్యేదేమో. నువ్వప్పుడు ఎక్కడున్నావు అని అడిగింది. వెనక వరసలో నిలబడి ఉన్నానన్నాడు. జిగురు సీసా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయిందన్నాడు. ఆమె చల్లారిన టీ తీసి లోపలికి పట్టుకెళ్ళింది. మంచం మీంచి అమ్మ, ఏమయిందే, ఏమంటున్నాడు వాడు, అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి టీచరు యూనివర్సిటీకి వెళ్ళింది. పేటెంట్ల ఆఫీసు మెట్ల కింద ఒక గది. పైన పిల్లలు ఎక్కి దిగుతున్నప్పుడల్లా బల్ల మీది పెన్నులు కదులుతాయి. ఆ ఆఫీసు చూసే ఆవిడ వయసులో టీచరుకి సమానమే. ప్రొఫెసరూ నిచ్చెనా అప్పటికే వచ్చి కూర్చున్నారు. గోడకి ఒక అద్దాల బీరువా, దాని నిండా చిన్న చిన్న వస్తువులు. మడిచే మోకాలి పట్టీ, మట్టిలో తేమ చెప్పే పుల్ల, బియ్యపు గింజంత బల్బు. అన్నీ ఇక్కడి పిల్లలు చేసినవేనని ఆవిడ చెప్పింది. మోకాలి పట్టీ చేసిన కుర్రాడి ఫ్యాక్టరీలో ఇప్పుడు ఒక వీధి వీధంతా పనిచేస్తోందట. మొదట్లో వాడి చేతిలో ఉన్నదల్లా దరఖాస్తు వేసినట్టు రసీదేనట. హక్కు యూనివర్సిటీ పేరున ఉండి, వాడి కంపెనీకి రాసిచ్చారు కాబట్టి జనం నమ్మి ముందుకొచ్చారట.

టీచరు అంతా విని, రాత్రంతా తనలో తాను నలుపుకున్న ప్రశ్న అడిగింది. హక్కు ఎవరికీ లేదంటే ఎవరైనా చేసుకోవచ్చనేగా, అదీ మంచిదేగా, మా చెల్లెలికి కావలసిందీ అందరికీ అందడమేగా అంది.

ఆఫీసావిడ కదులుతున్న పెన్నులకి చెయ్యి అడ్డం పెట్టింది. ఈ ప్రశ్న ఆవిడకి కొత్త కాదని, ఇవాళ జవాబు చెప్పడం మాత్రం కష్టంగా ఉందని మొహం చూస్తే తెలుస్తోంది.

"ఎవరైనా చేసుకోవచ్చంటే ఎవరూ మొదలుపెట్టరండీ. ఇది మనిషి గొంతులో పెట్టేది. ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి పరీక్షించాలి, అనుమతులు తేవాలి. ఆ భారమంతా మోసినవాడి పక్కనే ఇంకొకడు చూసి చేసేస్తాడు. అందుకని మొదటివాడు రాడు. మొదటివాడు రాకపోతే రెండోవాడూ ఉండడు."

పెట్టుబడి పెడతామన్నవాళ్ళు వీడియో చూశాక అప్పుడే వెనక్కి తగ్గారని నిచ్చెన చెప్పాడు. వాళ్ళూ మర్యాదస్తులే. పువ్వులు పంపించారు.

టీచరు ప్రొఫెసరు వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీరు చెయ్యి చాచినప్పుడే నాకు తెలుసు, టీచర్ గారూ. ఆపాల్సింది. అన్నీ తెలిసే ఇచ్చాను. ఆ పిల్ల ఫోటో పక్కన నిలబడి మీరు అడుగుతుంటే, ఇవ్వనని ఎలా అంటాను చెప్పండి."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని టీచరు చూసింది. ఇవ్వనని ఆయన ఒక్కమాట అని ఉంటే తను కిందికి దిగిపోయేది. కానీ దిగిపోతే, ఆ రోజు అంతమంది ముందు చెల్లెలి గురించి ఒక్క ముక్కా చెప్పలేకపోయేది. కోపం రాలేదు. రాకపోవడమే ఇంకా కష్టంగా ఉంది.

దారేమీ లేదా అని అడిగింది. లాయర్ని అడిగానని, ఒక సన్నటి సందు ఉందని ఆఫీసావిడ చెప్పింది. కొన్ని దేశాల్లో సంగతి బయటపడ్డాక కూడా దరఖాస్తుకి కొన్నాళ్ళు గడువు ఇస్తారు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. అయితే ఎవరైనా నమ్మకద్రోహం చేసి, యజమానికి తెలియకుండా, వాళ్ళని దెబ్బతియ్యాలని బయటపెడితే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ మాట చెప్పి ఆవిడ, మనకిది పనికిరాదనుకోండి, అని కలిపింది.

"ఎందుకు పనికిరాదు? నేను దొంగిలించానని రాసిస్తాను" అంది టీచరు.

ఆమె మామూలుగానే చెప్పింది, హాజరు పిలిచినంత మామూలుగా. చెల్లెలు రహస్యంగా ఉంచమని చెప్పిందని, తను వినకుండా పదిమందిలో బయటపెట్టానని, అసూయతో చేశానని రాస్తానంది. చెల్లెలు పెద్ద చదువు చదివింది, తను స్కూలు టీచరుగా ఉండిపోయింది, అసూయ ఉండదా, ఎవరైనా నమ్ముతారు అంది. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి అంది.

ఆఫీసావిడ మెల్లగా, రహస్యంగా ఉంచమని మీకు నిజంగా చెప్పిందా అని అడిగింది. చెప్పిందంది టీచరు. నిజానికి చెప్పలేదు. ఆ ఇంట్లో ఒకళ్ళకొకళ్ళు అలా చెప్పుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆఖరి రెండేళ్ళు తండ్రి అలాంటి గొట్టంతోనే ఊపిరి పీల్చాడు. ముగ్గురాడవాళ్ళూ వంతులేసుకుని దాన్ని శుభ్రం చేశారు. ఎవరి వంతులో పట్టేసిందో, ఎవరు భయపడి ఏడ్చారో, అవేవీ గడప దాటలేదు. చెల్లెలికి ఈ గొట్టం ఆలోచన వచ్చిందే అక్కడ.

ఆఫీసావిడ కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది. సంతాప సభ వీడియో. టీచరు చెయ్యి చాచింది. ప్రొఫెసరు లేచి, ఆగి, గొట్టాలు ఆమె చేతిలో పెట్టాడు. వెనక యూనివర్సిటీ పేరు రాసిన తెర. అక్కడ ఆపింది.

"హక్కుదారు యూనివర్సిటీ. ఇచ్చిన చెయ్యీ యూనివర్సిటీదే, వీడియో తీసి పెట్టిందీ మేమే. దీన్ని చూసి మిమ్మల్ని ద్రోహి అని ఎవరు నమ్ముతారండీ?"

తెర మీద టీచరు మొహం ఆగిపోయి ఉంది. గొట్టాలు అందుకుంటూ, ఆ నెలంతటిలో మొదటిసారి కాస్త తేలికపడ్డ మొహం. ఆమె తల తిప్పుకుంది. దొంగతనం తన మీద వేసుకుంటానన్నా కుదరలేదు.

ఆ తర్వాత వారం, స్కూలు గేటు దగ్గర ఒకావిడ ఆమె కోసం నిలబడి ఉంది. ఆరో క్లాసు పిల్లాడి తల్లి. ఇంట్లో ఇంకో పాప ఉందని, ఇంకా నడక రాలేదని, గొంతులో గొట్టంతోనే ఊపిరి పీలుస్తోందని చెప్పింది. వీడియో చూసిందట. ఆవిడకి ఏడుపు లేదు, నిద్ర లేదని మాత్రం తెలుస్తోంది.

"ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుంది టీచర్ గారూ?"

ఇంకా తయారవలేదమ్మా అని చెప్పింది టీచరు. తయారైతే నాకు ముందు చెప్తారు కదూ అని ఆవిడ అడిగింది. తల ఊపడం తప్ప టీచరు ఏం చెయ్యగలదు. ఆవిడ నమ్మకంగా నవ్వి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నిచ్చెనకి ఫోను చేసి పాప సంగతి చెప్పింది. సభలో చూపించింది పెద్దవాళ్ళ గొట్టమే కదక్కా అన్నాడు అతను. చిన్నపిల్లలది వేరు. పెద్ద గొట్టాన్ని అలాగే కుదిస్తే మెట్లే గాలికి అడ్డం పడతాయి. ఎత్తు తగ్గిస్తే కఫం వెనక్కి జారుతుంది. దానికేదో వేరే ఉపాయం కావాలని చెల్లెలు చూస్తూ ఉంది, ఇంకా కుదరలేదు. కుదిరితే అదొక కొత్త సంగతి అవుతుంది. ఎవరికీ చూపించలేదు కాబట్టి దాని మీద దరఖాస్తు వెయ్యొచ్చు. దానితో కంపెనీ నిలబడుతుంది. కంపెనీ నిలబడితే పెద్ద గొట్టం కూడా దాని వెనకే నడిచొస్తుంది.

ఆఫీసావిడ కూడా అవునంది. ఈసారి మాత్రం దరఖాస్తు పడేదాకా అమ్మకి కూడా చెప్పకండి అని టీచరుకి నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పినా, ఆ తర్వాత ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు.

అప్పట్నుంచి శనివారాలు టీచరు లాబ్‌కి వెళ్ళేది. ఇంట్లో అడిగితే స్పెషల్ క్లాసులని చెప్పేది. ఎవరికమ్మా శనివారాలు కూడా నీ పాఠాలు, ఆ పిల్లలేం పాపం చేశారు, అనేది అమ్మ. టీచరు పొయ్యి మీద మైదా జిగురు కాచేది, పలచన, చిక్కన, ఇంకా చిక్కన. నిచ్చెన మెషిన్ మీద గొట్టాలు తీసేవాడు. అగ్గిపుల్ల దూరేంత సన్నటివి. మెట్లు మధ్యలో తెంపి చూశాడు, మెట్లకి బదులు చుక్కల్లాంటి బొడిపెలు పెట్టి చూశాడు. టీచరు టార్చి పట్టుకునేది. కొన్నిట్లో గాలి ఆడేది కాదు, కొన్నిట్లో జిగురు కదిలేది కాదు. ఒకదానిలో సగం దాకా వచ్చింది. టీచరు టార్చి ఇంకా దగ్గరికి జరిపింది. సగంలో ఆగింది. నిచ్చెన ఊది ఊది తల తిరిగి స్టూలు మీద కూలబడ్డాడు. మీ చెల్లెలుంటే ఇదంతా నా నోటితోనే ఊదించి తను కాఫీ తాగేదక్కా, అన్నాడు. టీచరు నవ్వింది. నవ్వాక, కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ కాసేపు నిలబడింది.

చెల్లెలు ఏ వైపు ఆలోచించిందో వాళ్ళకి తెలియలేదు. ఆమె అనుకున్నవి కాగితం మీద పెట్టే మనిషి కాదు. చేసి చూసి, పనికొచ్చాకే చెప్పేది. పనికిరాని వాటి గురించి ఎవరికీ చెప్పేది కాదు. అందువల్ల వాళ్ళు చేసిన తప్పుల్లో సగం ఆమె చేసేసినవే అయ్యుండొచ్చు.

యూనివర్సిటీలో సంవత్సరం మారింది. నిచ్చెనకి చదువు పూర్తయింది. ఇంటిదగ్గర తండ్రికి ఒంట్లో బాగాలేదు, తమ్ముడింకా చదువుతున్నాడు. పంపులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగమొచ్చిందని చెప్పడానికి వచ్చాడు. ఈసారి అమ్మ వాన సంగతి అడిగితే, రాదు పెద్దమ్మా, మబ్బే లేదు అని జవాబు చెప్పాడు. కూర్చోలేదు. వారానికో రోజు వచ్చి లాబ్‌లో చూస్తానక్కా అన్నాడు. పంపుల కంపెనీ ఎంత దూరమో టీచరుకి తెలుసు. వెళ్ళు నాయనా, మీ నాన్నని చూసుకో, అంది.

ప్రొఫెసరు లాబ్‌లో చెల్లెలి బల్లని మరో ఆరు నెలలు ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానన్నాడు. అంతకంటే తన చేతిలో లేదన్నాడు. మెషిన్ వాడే పిల్లలు తీరిక దొరికితే ఒకటీ అరా గొట్టం తీసిస్తామన్నారు. తీసేది ఎలా ఉండాలో చెప్పమన్నారు. టీచరు ఏం చెప్పాలో తెలియక, కాస్త ఆలోచించుకుని చెప్తానంది.

ఆరో క్లాసు పిల్లాడి తల్లి రెండుసార్లు గేటు దగ్గర కనిపించింది. అడగలేదు, దూరం నుంచే తల ఊపి వెళ్ళిపోయింది. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోందని పిల్లాడు చెప్పాడు.

చిన్న గొట్టం ఇంకా కుదరలేదు. దరఖాస్తు వెయ్యడానికి ఇంకా ఏమీ లేదు.